విప్పదగిన కుట్టు: జాకెట్టుకూ, పరిశోధన పత్రాల పట్టికకూ దారం వేయడం ఎలా

జాకెట్టు గుడ్డకు కత్తెర పెట్టకముందే దారం కొనండి. చాలామంది గుడ్డ కత్తిరించి, లైనింగ్ జతచేసి, మిషను ముందు కూర్చున్నాక "అయ్యో, ఈ రంగు దారం లేదే" అని వీధి చివరి దుకాణానికి పరిగెత్తుతారు. దొరికిన దగ్గరి రంగుతో సర్దుకుంటారు. నేనూ చాలాకాలం అంతే. పగలు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం, సాయంత్రం ఇంట్లో కుట్టుమిషను. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం వస్తోందని మా అధ్యాపకుల పరిశోధన పత్రాల పట్టిక తయారుచేసే పని నా మీద పడినప్పుడు లైబ్రరీలోనూ అదే తప్పు చేశాను. ముందు వందల పేర్లు ఎక్కించేసి, వాటిని దేనితో కలపాలో తర్వాత ఆలోచించాను. మూడు వారాల పని విప్పుకోవాల్సి వచ్చింది.

ఆ విప్పే పనిలో ఒకటి తెలిసొచ్చింది. అతుకు గట్టిగా ఉంటే చాలదు, అవసరం పడినప్పుడు గుడ్డ చిరగకుండా విప్పడానికి వీలుండాలి. కుట్టుపనిలో ఇది టైలర్లందరికీ తెలుసు. పట్టికల పనిలోనే మరిచిపోతాం. అందుకే ముందు మిషను దగ్గర మొదలుపెడదాం.

రీలు ఎంచుకోవడం

రంగు చూడ్డానికి రీలును గుడ్డ మీద పెట్టి చూడకండి. రీలు మీద వందల చుట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి రంగు ముదురుగా కనిపిస్తుంది. ఒక పోగు లాగి, గుడ్డ మీద పరిచి, దుకాణం బయట పగటి వెలుగులో చూడండి. సరిగ్గా కలిసే రంగు లేకపోతే కాస్త ముదురుది తీసుకోండి. లేత దారం కుట్టు మీద తేలి కనిపిస్తుంది, ముదురుది అణిగిపోతుంది. నిలువు పోగు ఒక రంగు, అడ్డ పోగు ఒక రంగు ఉండి, కదిపితే రంగు మారే పట్టు గుడ్డలు ఉంటాయి కదా, వాటికి రెండు రంగుల్లో ముదురు దానితో కలిపితే ఇబ్బంది ఉండదు.

రంగు తర్వాత లావు. రీలు మీద స్టిక్కరుపై 120, 80, 40 లాంటి అంకె ఉంటుంది. దాన్ని టికెట్ నంబరు అంటారు. ఇది తిరకాసు లెక్క: నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 120 టికెట్ పాలిస్టర్ దారం 1000 మీటర్లు తూస్తే సుమారు 25 గ్రాములు, 40 టికెట్‌ది దానికి మూడింతలు. జాకెట్లకు, పంజాబీ డ్రెస్సులకు, చొక్కాలకు 120 సరిపోతుంది. సంచులకు, మందమైన ప్యాంట్లకు 80 గానీ అంతకన్నా లావుది గానీ కావాలి.

దారం ఎంత గట్టిదైతే అంత మంచిదనుకుని జాకెట్టుకు లావు దారం వాడేవాళ్ళున్నారు. చంక కింద ఒత్తిడి పడినప్పుడు ఏదో ఒకటి తెగాలి. దారం తెగితే పది నిమిషాల్లో మళ్ళీ కుట్టుకోవచ్చు. దారం గుడ్డకన్నా గట్టిదైతే కుట్టు నిలుస్తుంది, దాని పక్కనే పట్టు చిరుగుతుంది. చిరిగిన పట్టును ఏ టైలరూ బాగుచేయలేడు.

నూలా, పాలిస్టరా? ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా ఉండేది పాలిస్టరే. ఉతికినా పెద్దగా కుంచించుకుపోదు, త్వరగా తెగదు. కానీ తెల్ల నూలు గుడ్డ కుట్టి తర్వాత రంగు వేయించాలనుకుంటే పాలిస్టర్ దారం వద్దు. గుడ్డకు పట్టే రంగు దానికి పట్టదు, కుట్లన్నీ తెల్లగా చుక్కలు పెట్టినట్టు మిగిలిపోతాయి. దానికి నూలు దారమే వాడాలి.

పాత రీలు ఇంట్లో ఉంటే రెండు చేతులతో ఒక మూర దారం పట్టుకుని లాగి చూడండి. కిటికీ దగ్గర ఎండ తగిలిన దారం పుటుక్కున తెగుతుంది. వేళ్ళ మధ్య నుంచి ఓసారి జారనివ్వండి కూడా. ముడుల్లా, ఉండల్లా తగిలితే ఆ రీలు గుండీలు కుట్టడానికి పక్కన పెట్టండి.

సూది, బాబిన్, టెన్షన్

సన్నని పట్టుకు, పల్చటి నూలుకు 11 నంబరు సూది. మామూలు నూలుకు 14. మందమైనవాటికి 16. సూదికీ దారానికీ జోడీ కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. మిషనుకు బిగించని సూదిలోకి అర మీటరు దారం ఎక్కించి, దారాన్ని రెండు చేతులతో ఏటవాలుగా లాగి పట్టుకోండి. సూది తన బరువుకు తానే జారాలి. మధ్యలో ఆగిపోతే రంధ్రం చిన్నదన్నట్టు. మిషను మీద ఆ దారం ఒరుసుకుని పీచు లేస్తుంది, కాసేపటికి తెగుతుంది.

సూదికి ఒక వైపు పొడవునా సన్నని గాడి ఉంటుంది. దారం ఏ వైపు నుంచి సూదిలోకి వెళ్తుందో ఆ గాడి అటువైపు ఉండాలి. సూది తిరగబడి బిగిస్తే కుట్టు పడదు. మిషను చెడిపోయిందని మెకానిక్‌ని పిలిచి, ఆయన వచ్చి సూది తిప్పిపెట్టి వెళ్ళిన ఇళ్ళు మా వీధిలోనే రెండున్నాయి. అందులో ఒకటి మాది.

బాబిన్‌కు కూడా అదే దారం చుట్టండి, అంచులదాకా నింపకుండా, నెమ్మదిగా. పాలిస్టర్ దారాన్ని గబగబా బిగించి చుడితే సాగుతుంది. కుట్టేటప్పుడు బాగానే ఉంటుంది. తర్వాత ఆ దారం తన పాత పొడవుకు వచ్చేసరికి కుట్టు పొడవునా గుడ్డ ముడతలు పడుతుంది. ఉతికాక జాకెట్టు ముడుచుకుపోయిందని గుడ్డను తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు బాబిన్‌ది.

పైదారం ఎక్కించేటప్పుడు గుడ్డను నొక్కే పాదం పైకెత్తి ఉంచండి. పాదం పైన ఉన్నప్పుడే టెన్షన్ బిళ్ళలు విచ్చుకుంటాయి, దారం వాటి మధ్యలోకి దిగుతుంది. పాదం దించి ఎక్కిస్తే దారం బిళ్ళల అంచున ఆగిపోతుంది, కుట్టు అడుగున దారం ఉండలు ఉండలుగా వస్తుంది. అడుగున వస్తోంది కాబట్టి అందరూ బాబిన్‌ను అనుమానిస్తారు. అడుగున ఉండలు కడితే తప్పు పైదారంలో ఉంటుంది. ముందు పైదారం మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించండి. ఆ తర్వాతే మరలు తిప్పండి.

బాబిన్ కేసు పరీక్ష: దారం చివర పట్టుకుని కేసును వేలాడదీయండి. కదలకుండా వేలాడాలి. చేతిని చిన్నగా ఎగరేస్తే ఒకటి రెండు అంగుళాలు జారి ఆగాలి. సర్రున నేలకు దిగిపోతే మర కాస్త బిగించాలి, అసలు జారకపోతే వదులు చేయాలి. ఆ చిన్న మరను పావు చుట్టు కన్నా ఎక్కువ ఒకేసారి తిప్పకండి.

ఇక పైన ఒక రంగు, కింద ఒక రంగు దారం పెట్టి, అదే గుడ్డ ముక్కలు లైనింగ్‌తో సహా మడిచి కుట్టి చూడండి. రెండు దారాలూ గుడ్డల మధ్యలో కలుసుకోవాలి. కింది రంగు పైకి చుక్కల్లా కనిపిస్తే పైదారం బిగువెక్కువ. పై రంగు కిందికి కనిపిస్తే పైదారం వదులు. నిలువు పోగు మీద ఒకసారి, ఐమూలగా ఒకసారి కుట్టండి. జాకెట్టు చంకలు, మెడ ఐమూలగానే వస్తాయి, తేడా అక్కడే తెలుస్తుంది.

దారం ఎంత కావాలంటే, మామూలు మిషను కుట్టుకు కుట్టు పొడవుకు రెండున్నర రెట్లు. మూడు దారాల ఓవర్‌లాక్‌కైతే పద్నాలుగు రెట్లు! ఓవర్‌లాక్ చేసే దుకాణంలో అన్నేసి పెద్ద కోన్‌లు ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమైందిగా.

పక్క కుట్లు

జాకెట్టులో నాకిష్టమైన భాగం ఇది. పక్కల్లో కనీసం అంగుళం గుడ్డ లోపల వదలండి. కొలతకు సరిపోయే కుట్టు ఒకటి వేశాక, దాని బయట పావు అంగుళం దూరంలో ఇంకొకటి, మరో పావు అంగుళం దూరంలో మూడోది వేయండి. రెండేళ్ళకు జాకెట్టు బిగుతైతే లోపలి కుట్టు విప్పితే చాలు, రెండోది అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ఒక్కో పక్క ముందు భాగంలో పావు, వెనక భాగంలో పావు, రెండు పక్కలూ కలిపి మొత్తం ఒక అంగుళం వదులవుతుంది. ఎక్కడా కొత్త గుడ్డ కలపక్కర్లేదు. మా అమ్మ పెళ్ళి జాకెట్టు ఈ కుట్ల వల్లే నా పెళ్ళి నాటికి కూడా ఆమెకు పట్టింది.

ఇప్పుడు ఈ మూడు కుట్లను గుర్తుపెట్టుకుని లైబ్రరీకి రండి.

పత్రాల పట్టిక: ముందు దారం

మీ కాలేజీ, మీ విభాగం, లేదా మీ జిల్లా మీద వచ్చిన పరిశోధన, ఏదైనా సరే, అందరూ చూసుకోగలిగే పట్టిక చేయాలనుకున్నారనుకోండి. ముందు నిలువు వరుసలు నిర్ణయించుకోండి. సొంతంగా కనిపెట్టకండి. డబ్లిన్ కోర్ అని పదిహేను అంశాల జాబితా ఒకటుంది. పుట్టింది 1995లో, అమెరికాలో ఒహాయో రాష్ట్రపు డబ్లిన్‌లో జరిగిన సమావేశంలో, ఐర్లండ్ డబ్లిన్‌లో కాదు. శీర్షిక, రచయిత, తేదీ, భాష, హక్కులు, గుర్తింపు సంఖ్య లాంటివి అందులోనే ఉన్నాయి. మొదటి రోజు అందులో ఎనిమిది వాడినా చాలు.

దారం అంటే ఆ గుర్తింపు సంఖ్యే. పత్రానికైతే డీఓఐ అనే శాశ్వత సంఖ్య. ఇది 10 అనే సంఖ్యతో, ఆ వెంట చుక్కతో మొదలవుతుంది. పత్రిక వెబ్‌సైటు మారినా, ప్రచురణకర్త చేతులు మారినా, కొత్త చిరునామా నమోదు చేస్తూ ఉన్నంతకాలం డీఓఐ సరైన చోటికి తీసుకెళ్తుంది. మామూలు లింకు పెట్టారంటే ఏదో ఒక రోజు దారం తెగిన గాలిపటమే. పత్రం శీర్షిక ఇస్తే డీఓఐ వెతికిపెట్టే సదుపాయం క్రాస్‌రెఫ్‌లో ఉచితంగా ఉంది. 2000లో ప్రచురణకర్తలు కలిసి పెట్టుకున్న సంస్థ అది. సిద్ధాంత గ్రంథాలకు, దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలను దాచే శోధ్‌గంగ వెబ్‌సైటులో 10603తో మొదలయ్యే హ్యాండిల్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. 2009 యూజీసీ నిబంధనల తర్వాత విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు అక్కడికి పంపుతున్నాయి. మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల గ్రంథాలూ అందులో ఉన్నాయి.

డీఓఐని చేత్తో టైపు చేయకండి, కాపీ చేయండి. కాపీ చేసేటప్పుడు వాక్యం చివరి చుక్క కూడా వెంట వస్తుంది, అది తీసేయాలి. డీఓఐలో పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాలకు తేడా లేదు. కాబట్టి పోల్చేముందు అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చండి. ఈ ఒక్క పనితో మా పట్టికలో ఒకే పత్రం రెండుసార్లు వచ్చిన వరుసలు చాలా దొరికాయి.

పేర్లు: అసలు తలనొప్పి

మన పేర్లతో వచ్చే చిక్కు మరే వరుసలోనూ రాదు. మనకు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా. విదేశీ పత్రికలు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. దాంతో ఒక రావు గారు ఒక పత్రంలో "కె. ఎస్. రావు", ఇంకో దాంట్లో "రావు కె. ఎస్.", మరో దాంట్లో పూర్తి పేరుతో దర్శనమిస్తారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మేడమ్ రెండు ఇనిషియల్స్‌తో ఇద్దరు మనుషులవుతారు. ఇటు నిజంగానే ఇద్దరు వేర్వేరు "పి. లక్ష్మి"లు ఒకే విభాగంలో ఉండొచ్చు.

నేను చేసిన పొరపాటు ఇక్కడే. ఒకలాంటి పేర్లన్నిటినీ "వెతుకు, మార్చు" నొక్కి ఒకే రూపంలోకి తెచ్చేశాను. పట్టిక ముచ్చటగా కనిపించింది. వారం తర్వాత ఒక మేడమ్ వచ్చి "ఈ ఆరు పత్రాలు నావి కావండీ" అన్నారు. ఏ ఆరు ఎవరివో చెప్పే ఆధారం నా దగ్గర లేదు, ఎందుకంటే అచ్చులో ఉన్న పేరును నేనే చెరిపేశాను. కుట్టు విప్పబోతే గుడ్డ చిరిగిందన్నమాట. ఆ ఆరింటి కోసం పత్రాలన్నీ మళ్ళీ తెరిచి చూడాల్సి వచ్చింది. సోదికి వెళ్తే పాత బాగోతాలన్నీ బయటపడ్డట్టు, ఇంకో పది తప్పులు కూడా బయటపడ్డాయి.

అందుకని రచయితకు మూడు నిలువు వరుసలు పెట్టండి, జాకెట్టు పక్క కుట్లలాగే. మొదటిది, పత్రంలో అచ్చయిన పేరు, ఉన్నది ఉన్నట్టు. దీన్ని ఎప్పటికీ ముట్టుకోకండి. రెండోది, మీరు ఇచ్చే వ్యక్తి గుర్తింపు సంఖ్య. ఇద్దరు ఒకరేనని తేలితే ఇద్దరికీ ఒకే సంఖ్య ఇవ్వండి, కాదని తేలితే మార్చండి, పేరు చెక్కుచెదరదు. మూడోది, ఆర్కిడ్ సంఖ్య. 2012లో మొదలైన ఈ సంఖ్యను పరిశోధకులు ఎవరికి వారే ఉచితంగా తీసుకోవచ్చు. నాలుగేసి చొప్పున పదహారు స్థానాలు. చివరి స్థానం ముందు పదిహేను అంకెల నుంచి లెక్కగట్టింది, అక్కడ అంకె బదులు ఎక్స్ అక్షరం కూడా రావచ్చు.

ఒక జాగ్రత్త. సంఖ్యగా ఎక్కిస్తే ముందున్న సున్నాలను ఎక్సెల్ ఉంచుకోదు. ఆర్కిడ్‌ను మధ్య గీతలు లేకుండా ఎక్కిస్తే మొదట్లో ఉన్న సున్నాలు చప్పుడు చేయకుండా మాయమైపోతాయి. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చండి, గీతలు ఉంచండి.

సంస్థల పేర్లకూ ఇదే మందు. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ పేరుతో ఉండి, 2022లో వైఎస్సార్ పేరుకు మారి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. పత్రంలో ఏ పేరుంటే ఆ పేరే రాయండి, కలిపే పని రోర్ సంఖ్యకు వదలండి. సంస్థలకు ఇచ్చే ఈ సంఖ్యలు 2019లో మొదలయ్యాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

తెలుగు శీర్షికలు

తెలుగు శాఖ వాళ్ళు ఇచ్చే పత్రాలు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. వాటిని పట్టికలో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో కళ్ళతో చదివి సరిచూడండి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం కూర్చుని ఉంటుంది. ఒకరు అది పెట్టి, ఇంకొకరు పెట్టకుండా టైపు చేస్తే వెతుకులాటలో రెండూ కలవకపోవచ్చు. వెతకడానికి విడిగా ఒక నిలువు వరుస పెట్టి అందులో ఆ అక్షరం తీసేయండి. అసలు శీర్షికలో మాత్రం ఉంచండి. ఫైలును సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన సాదా పట్టికగా, తెలుగు అక్షరాలు చెడని యూటీఎఫ్-8 రూపంలో దాచండి.

తెచ్చుకున్న సమాచారం

అన్నీ చేత్తో ఎక్కించక్కర్లేదు. ఓపెన్‌అలెక్స్ అనే పరిశోధన పత్రాల సూచికలో మీ సంస్థ పేరు మీద వెతికితే పెద్ద జాబితా వస్తుంది. అలాంటి సూచికే అయిన మైక్రోసాఫ్ట్ అకడమిక్ 2021 చివర్లో మూతపడ్డాక 2022 జనవరిలో మొదలైంది ఇది. సమాచారమంతా ఎలాంటి షరతులూ లేకుండా వాడుకోవచ్చు. అయితే రచయితలను అక్కడ కంప్యూటరే కలుపుతుంది, మన ఇనిషియల్స్ దగ్గర అది కూడా నాలాగే తడబడుతుంది. దాన్ని కచ్చా కుట్టుగా వాడండి. నిర్ధారించుకున్నాకే పక్కా కుట్టు. ఏ వరుస ఎక్కడి నుంచి, ఏ తేదీన వచ్చిందో రాసే గడి ఒకటి పెట్టుకోండి.

పూర్తి పత్రాలు పెట్టాలంటే

లేడికి లేచిందే పరుగన్నట్టు పీడీఎఫ్‌లన్నీ ఎక్కించకండి. ఉచితంగా చదవడానికి దొరుకుతోందంటే తిరిగి ప్రచురించే హక్కు ఉందని కాదు. సీసీ బై లైసెన్సు ఉంటే రచయిత పేరు, మూలం, లైసెన్సు చెప్పి పెట్టొచ్చు. లేకపోతే పత్రిక విధానం చూడండి. చాలా పత్రికలు అచ్చయిన పేజీలను ఒప్పుకోవు, ఆమోదం పొందిన చివరి రాతప్రతిని మాత్రం కొంత గడువు తర్వాత ఒప్పుకుంటాయి. రచయితలు ఆ రాతప్రతిని పారేసుకుని ఉంటారు. కాబట్టి ఇకమీదట ఆమోదం వచ్చిన రోజే లైబ్రరీకి పంపమని చెప్పండి.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. మూడు వందల పత్రాలకు సీఎస్‌వీ ఫైలు, దాన్ని చూపించే ఒక పేజీ చాలు. పెరిగితే పత్రాలు దాచి చూపించే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఈప్రింట్స్, డీస్పేస్ రెండూ ఉచితం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, ఐఐటీ హైదరాబాద్ తమ పత్రాల భాండాగారాలను ఈప్రింట్స్ మీద నడిపాయి. శోధ్‌గంగ డీస్పేస్ మీద నడుస్తుంది. ఏది వాడినా ఓఏఐ-పీఎంహెచ్ అనే ద్వారం తెరిచి ఉంచమని మీ కంప్యూటర్ వాళ్ళకు చెప్పండి. బయటి సూచికలు మీ వివరాలు తీసుకెళ్ళేది అటునుంచే.

ఏదైనా పత్రాన్ని పత్రిక ఉపసంహరించుకుంటే మీ పట్టికలోంచి తుడిచేయకండి. "ఉపసంహరించారు" అని తేదీతో గుర్తు పెట్టండి. ఇలాంటి వాటి జాబితా రిట్రాక్షన్ వాచ్ అనే వెబ్‌సైటు దగ్గర ఉండేది. 2023లో క్రాస్‌రెఫ్ దాన్ని తీసుకుని అందరికీ తెరిచింది. మీ డీఓఐలను దానితో ఏడాదికి రెండుసార్లు పోల్చండి. నెలకోసారి ఏవైనా ఇరవై వరుసలు తీసి, డీఓఐ నొక్కి, తెరుచుకున్న పత్రం ఆ వరుసలోదేనా చూడండి. తప్పు కలిసినవి, విడదీసినవి అన్నీ ఒక చిన్న పుస్తకంలో రాయండి: ఏ సంఖ్య, ఎందుకు మార్చారు, ఎవరు చెప్పారు, ఏ రోజు.

జాకెట్టు పూర్తయ్యాక మిగిలిన దారం నాలుగు మీటర్లు ఒక అట్టముక్కకు చుట్టి, దాని మీద టికెట్ నంబరు, షేడ్ నంబరు రాసి, చీర కవరులోనే పెట్టండి. పట్టిక పక్కన కూడా ఏ నిలువు వరుసకు అర్థమేమిటో రాసిన ఒక సాదా టెక్స్ట్ ఫైలు పెట్టండి. నేను బదిలీ అయ్యాక నా సీట్లో కూర్చునే అమ్మాయికి ముందు కావలసింది అదే.